బంతి నాటండి సరే, ఏ బంతి? ముద్దబంతికీ చిట్టిబంతికీ పని వేరు



పైన వీడియోలో రెండు మళ్ళు పక్కపక్కనే చూపించినాను. ఒకదాంట్లో నడుము ఎత్తు బంతి, ఇంకోదాంట్లో మోకాలు కూడా దాటని బంతి. రెండింటికీ మనం పిలిచే పేరు మాత్రం ఒకటే. ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినపడే మాట కూడా ఒకటే: "గట్ల మీద బంతి నాటండి, పురుగు రాదు." ఏ బంతి? ఎప్పుడు నాటాలి? ఎంత దగ్గరగా? ఏ పురుగు కోసం? ఈ నాలుగింటికీ జవాబు చెప్పకుండా ఆ మాట చెప్పడం ఇక ఆపేయాలని నా అభిప్రాయం. వీడియో పది నిమిషాలే కాబట్టి అందులో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా. మదనపల్లె దగ్గర నాకు నాలుగు ఎకరాల చేను, దాంతోపాటు చిన్న నర్సరీ ఉన్నాయి. టమాటా, మిరప, వంగ నారుతో పాటు ఈ రెండు బంతుల నారూ అమ్ముతాను. "ఏదో ఒక బంతి ఇయ్యబ్బా" అని వచ్చినవాళ్ళకు ట్రేలో ఏది మిగిలి ఉంటే అది చేతిలో పెట్టి పంపితే నాకు లాభమే. ఈ రాత చదివినాక నా దగ్గర బంతినారు కొనేవాళ్ళు కొంత తగ్గినా తగ్గొచ్చు.

సరే, గుర్తుపట్టడం దగ్గర మొదలుపెడదాం. పెద్దదాన్ని మనం ముద్దబంతి అంటాం, విత్తనం ప్యాకెట్ మీద ఆఫ్రికన్ మేరీగోల్డ్ అని ఉంటుంది. శాస్త్రీయ నామం టాజెటిస్ ఎరెక్టా. రెండు అడుగుల నుంచి మూడు అడుగులు, నేల బలంగా ఉంటే ఇంకా పైకి పోతుంది. ఒక ప్రధాన కాండం నిటారుగా లేస్తుంది, కొమ్మలు పైన పడతాయి. పువ్వు పెద్దది, ఒకే రంగు: నిమ్మపసుపు, పసుపు, నారింజ. దండలకు, బతుకమ్మకు, దసరాకు లారీల్లో పోయేది ఇదే.

చిన్నదాన్ని మా వైపు కొందరు చిట్టిబంతి అంటారు, కొందరు ఎర్రబంతి అంటారు, నర్సరీవాళ్ళు ఫ్రెంచ్ బంతి అంటారు. శాస్త్రీయంగా టాజెటిస్ పాట్యులా. అడుగు, అడుగున్నర. మొదలు దగ్గరి నుంచే కొమ్మలు పక్కలకు పరుచుకుంటాయి, గుబురుగా నేలను కప్పేస్తుంది. కాండం మీద ఎర్ర ఛాయ, ఆకు చిన్నది, నలిపితే వాసన ఘాటు. పువ్వు మీ బొటనవేలి పొడుగంత ఉంటుంది, పసుపులో ఇటుకరంగు లేదా కాఫీరంగు మచ్చలు, లేకపోతే మొత్తం ముదురు ఎరుపు. ఒక జాగ్రత్త: "ముద్దగా ఉంది కాబట్టి ముద్దబంతే" అనుకోవద్దు. చిట్టిబంతిలోనూ ముద్దపూల రకాలు ఉన్నాయి, పెద్దబంతిలోనూ ఒంటిరెక్క పూలు వస్తాయి. పువ్వును కాదు, చెట్టు కట్టడిని చూడండి.

పేర్ల విషయానికొస్తే ఆఫ్రికన్ బంతిది ఆఫ్రికా కాదు, ఫ్రెంచ్ బంతిది ఫ్రాన్సు కాదు. రెండింటి పుట్టిల్లూ మెక్సికో, మధ్య అమెరికా వైపు. పోర్చుగీసువాళ్ళ ఓడలు మన తీరానికి రావడం మొదలైన తర్వాత వచ్చిన పువ్వు ఇది. మెక్సికోలో ఇప్పటికీ నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దలను తలచుకునే పండగకు ఈ ముద్దబంతినే గుట్టలు పోస్తారు. మనం దీపావళికి గుమ్మాలకు కట్టే రోజులూ దాదాపు అవే. ఎక్కడి పువ్వో మన గుమ్మానికి సొంతమైపోయింది, సంతోషం.

కొందరు వృక్షశాస్త్రవేత్తలు ఈ రెండూ ఒకే జాతి అని కలిపేస్తారు. లోపల చూస్తే ముద్దబంతికి 24 క్రోమోజోములు, చిట్టిబంతికి 48. రెండింటినీ కలిపి చేసిన సంకరానికి 36, అది గింజ కట్టదు. కాగితం మీద ఒకటి అనుకున్నా, రెండు అనుకున్నా, చేలో వాటి తీరు మాత్రం వేరే. రైతుకు కావలసింది ఆ తీరే.

ఇప్పుడు పనుల్లోకి వద్దాం. ముద్దబంతి పని నేల పైన. టమాటాలో కాయతొలుచు పురుగు ఉంది కదా, మన శనగపచ్చ పురుగు, దాని తల్లి రెక్కల పురుగుకు ముద్దబంతి మొగ్గ, పువ్వు మహా ఇష్టం. టమాటా ఉన్నా సరే బంతి మీదకే పోయి గుడ్లు పెడుతుంది. దీన్ని పట్టుకుని బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు ఒక పద్ధతి చెప్పినారు, డిప్లొమాలో మేమూ చదువుకున్నాం: 16 సాళ్ళ టమాటాకు ఒక సాలు పొడుగు ముద్దబంతి. బంతినారు 40, 45 రోజులది, టమాటానారు 25 రోజులది, రెండూ ఒకే రోజు నాటాలి.

ఆ రోజుల తేడాను జనం వదిలేస్తున్నారు, పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. టమాటా పూతకు వచ్చేసరికి బంతి మొగ్గ తొడిగి ఉండాలి. అప్పుడే తల్లి పురుగు అటు పోతుంది. రెండు నార్లూ ఒకే రోజు పోసి, ఒకే రోజు నాటితే టమాటా పిందె పడినాక బంతి పూస్తుంది. అప్పటికి పురుగు కాయలో దూరి ఉంటుంది. పైగా ముద్దబంతి పగలు తక్కువగా ఉండే రోజుల్లో త్వరగా మొగ్గ వేసే మొక్క. జూన్‌లో నాటితే ఆకు, కొమ్మ పెంచుకుంటూ కూర్చుంటుంది, ముఖ్యంగా పాతరకాలు. ఖరీఫ్ టమాటా వేసేవాళ్ళు బంతినారు ఇంకో వారం ముందే పోసుకోవడం మేలు.

ఇంకొక విషయం. ఇది ఎర పంట. గాలానికి ఎర గుచ్చి నీళ్ళలో వదిలి ఇంటికి పోతే చేప పడుతుందా? బంతి మీద గుడ్డు పెట్టించుకోవడం సగం పనే, అక్కడ పుట్టిన పిల్ల పురుగును తీసెయ్యడం మిగతా సగం. తీయకపోతే మన చేతులారా చేను మధ్యలో పురుగుల ఫారం పెట్టుకున్నట్టు. మా ఇంట్లో ఆడవాళ్ళు పూలు కోసేటప్పుడు రెండు బకెట్లు పట్టుకుంటారు. మంచి పూలు ఒకదాంట్లో, కొరికిన మొగ్గ, పురుగున్న పువ్వు ఇంకోదాంట్లో. రెండో బకెట్ నేరుగా కోళ్ళ దగ్గరికి పోతుంది. మూడు రోజులకొకసారి ఈ పని తప్పితే నీమాస్త్రం, అగ్ని అస్త్రం ఎన్ని కొట్టినా అంతే సంగతులు.

గట్టు మీద నాలుగు మొక్కలు నాటితే ఈ లెక్క కుదరదు. ఎకరం చతురస్రంగా ఉందనుకోండి, ఒక్కో వైపు 64 మీటర్లు. మూడు అడుగుల సాలు అయితే 70 సాళ్ళు. 16కు ఒకటి చొప్పున నాలుగు సాళ్ళ బంతి, అడుగున్నర దూరంలో నాటితే ఐదారు వందల మొక్కలు, అదీ చేను లోపల. గట్టు మీద నాటినవి చూడ్డానికి బాగుంటాయి, ఫోటోకు బాగుంటాయి.

మరి చిట్టిబంతిని ఈ ఎర పనికి వాడొచ్చా? నా ఉద్దేశం, వద్దు. టమాటా ఎదిగేసరికి ఆ పొట్టి మొక్క దాని నీడలో పడిపోతుంది. హెసరఘట్టవాళ్ళు "పొడుగు" అని ప్రత్యేకంగా చెప్పింది ఊరికే కాదు.

ఇక మా ప్రాంతంలో టమాటాను ఎక్కువగా ఏడిపిస్తున్నది టూటా. 2014లో మన దేశంలో కనపడిన కొత్త పురుగు, ఆకులో, కాయలో సన్నగా తొలుస్తుంది. దీనికి ముద్దబంతి మీద మోజు లేదు. టమాటా, బంగాళాదుంప, వంగ కుటుంబం మీదే గుడ్డు పెడుతుంది. "బంతి వేసినాం, అయినా పురుగు వచ్చింది, ప్రకృతి వ్యవసాయం అంతా మోసం" అని ఎవరైనా అంటే ముందు వాళ్ళ కాయ కోసి చూడండి. చాలాసార్లు లోపల ఉండేది టూటా. బంతి చేయలేని పనిని బంతి మీద మోపింది మనమే, మాట పడుతున్నది మాత్రం పద్ధతి మొత్తం.

ఇప్పుడు నేల కింది సంగతి. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

టమాటా, వంగ, బెండ, దానిమ్మ ఏదైనా సరే, ఒకే నేలలో మళ్ళీ మళ్ళీ వేసిన చోట వేరు పీకి చూడండి. బఠాణీ గింజల్లా బుడిపెలు ఉంటాయి. అవి వేరుముడి నులిపురుగులు, నెమటోడ్లు అంటున్నాం. కంటికి కనపడవు. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది, మన వేడి నేలల్లో నెల తిరగకుండానే ఒక తరం అయిపోతుంది. చెట్టు మధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రం లేస్తుంది. రైతు నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పెడతాడు. ఆకు పసుపుపడితే జీవామృతం ఇంకో డ్రమ్ము వదులుతాడు. వేరు మూసుకుపోయినాక పైనుంచి ఏది పోసినా చెట్టుకు అందదు.

బంతి వేరులో ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం ఉంటుంది. అది నులిపురుగును చంపుతుందని 1958లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు బంతి వేళ్ళ నుంచి వేరు చేసి చూపించినారు. అంతకు ముందు ఏడాదే అక్కడివాళ్ళు ఇంకోరకం నులిపురుగుకు బంతి శత్రువు పంట అని రాసినారు. ఆ దేశంలో ఈనాటికీ కొందరు రైతులు చిట్టిబంతిని పువ్వు కోసం కాదు, మూడు నెలలు నేల బాగుకోసం పంటమార్పిడిగా వేస్తారు. మనం జనుము, జీలుగ వేసినట్టు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఈ గుణం చిట్టిబంతికే సొంతం కాదు. ముద్దబంతి వేరులోనూ ఉంది, మన దేశంలో దానితో చేసిన పరిశోధనల్లోనూ టమాటా వేళ్ళకు బుడిపెలు తగ్గినాయి. బంతి రకాన్ని బట్టి, నేలలో ఉన్న నులిపురుగు జాతిని బట్టి ఫలితం మారుతుంది. నేను చిట్టిబంతి వైపు మొగ్గడానికి కారణం వేరే: గుబురుగా పెరిగి నేలను త్వరగా కప్పేస్తుంది, కాబట్టి వేళ్ళు కూడా మడి అంతా అల్లుకుంటాయి. ఒంటిరెక్క రకమైతే విత్తనం మనమే తీసుకోవచ్చు. ఊతం అక్కర్లేదు. ముద్దబంతిని రెండు అడుగుల దూరంలో నాటితే మొక్కకూ మొక్కకూ మధ్య నేలలో నులిపురుగు హాయిగా ఉంటుంది.

ఏ బంతి అయినా షరతులు ఇవి. వేరు బతికి ఉండాలి, ఎందుకంటే పురుగు వేరులోకి దూరినప్పుడో, వేరుకు ఆనుకుని ఉన్నప్పుడో పని జరుగుతుంది. బంతి ఆకు రసం, ఎండిన బంతి పొడి, బంతి కషాయం మొదట్లో పోయడం, వీటిని నేను లెక్కలోకి తీసుకోను. కోసి మల్చింగ్ వేస్తే మంచిదే, కానీ అది ఆకు ఎరువు, అంతవరకే. మొక్కకూ మొక్కకూ జానెడు కంటే తక్కువ ఉండాలి, ఏడు అంగుళాలు అనుకోండి. కనీసం రెండు నెలలు, వీలైతే మూడు నెలలు ఉండాలి. టమాటాకు ముందు ఉండాలి, పక్కన కాదు. పక్కన ఉంటే బంతి వేరు దగ్గరి పురుగులు చావొచ్చు గానీ టమాటా వేరులో ఉన్నవి అక్కడే పిల్లల్ని పెడుతూ ఉంటాయి.

కలుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మనవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. ప్రకృతి వ్యవసాయంలో కలుపును శత్రువుగా చూడం, నేనూ చూడను. కానీ ఈ రెండు మూడు నెలలు మాత్రం బంతి మడిలో కలుపు ఉండకూడదు. చాలా కలుపు మొక్కల వేళ్ళలో ఈ నులిపురుగు బాగా బతుకుతుంది. అడుగు బంతి, అడుగు కలుపు ఉంటే దానికి ఒక చేత్తో విషం, ఒక చేత్తో అన్నం పెట్టినట్టే. పాత టమాటా గింజలు రాలి మొలిచినవి ఉంటే వాటినీ పీకెయ్యాలి.

ఇంత చేసినా పురుగు పూర్తిగా పోదు. తగ్గుతుంది. తర్వాత వేసిన ఒక పంటకు ఊపిరి దొరుకుతుంది, మళ్ళీ టమాటా మీద టమాటా వేస్తే తిరిగి పెరుగుతుంది. నేను పోయిన ఏడాది పది సెంట్లలో చిట్టిబంతి 75 రోజులు ఉంచి తర్వాత టమాటా వేసినా. బుడిపెలు ఉన్నాయి, కానీ పక్క మడిలో గుత్తులు గుత్తులుగా ఉంటే ఇక్కడ వెతికి చూపించాల్సి వచ్చింది. పది సెంట్ల అనుభవాన్ని పరిశోధన అని నేను చెప్పుకోను.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరం గట్టు చుట్టూ రెండు అడుగులకొక మొక్క నాటితే 420 మొక్కలు చాలు. అదే ఎకరం నిండా ఏడు అంగుళాలకొక మొక్క అంటే దాదాపు లక్షా పాతిక వేలు. నాలుగు వందల ఇరవై ఎక్కడ, లక్షా పాతిక వేలు ఎక్కడ! గట్టు మీద బంతి నాటి నులిపురుగు పోతుందని చెప్పేవాళ్ళు ఈ రెండు అంకెలూ ఒకసారి పక్కపక్కన రాసుకోవాలి. లక్ష మొక్కలు నా నర్సరీలో కొనమని నేనే చెప్పను, కొంటే రైతు మునుగుతాడు. విత్తనం నేరుగా చల్లాలి, లేకపోతే సాళ్ళలో వేయాలి. నేను ఒంటిరెక్క చిట్టిబంతి పూలు చెట్టు మీదే ఎండనిచ్చి, గోనెసంచి మీద నలిపి, బూడిదలో కలిపి పెట్టుకుంటాను. ఎకరానికి అర కిలో పైనే కావాలి, కాబట్టి మొదటి ఏడాది ఒక మడి విత్తనానికి, రెండో ఏడాది చేనుకు అని ప్లాన్ చేసుకోవాలి.

ఈమధ్య పక్క ఊరి కౌలు రైతు ఒకాయన నర్సరీకి వచ్చినాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో వేళ్ళు. "నాయనా, గట్టు మీదికి రెండొందలు బంతినారు ఇయ్యి. ఈసారి ఈ బుడిపెలు రాకూడదు" అన్నాడు.

"మామా, గట్టు మీద నాటితే గట్టు కింద పురుగు చస్తుందేమో. చేను మధ్యలో టమాటాకు ఏమొస్తుంది?" అన్నా.

"మరి మీటింగులో అట్లే చెప్పినారే."

చేను నిండా వేసి మూడు నెలలు ఉంచాలని చెప్తే ఆయన ముఖం చూడాలి. "మూడు నెలలు భూమి పూలకిచ్చి కూర్చుంటే కౌలు నువ్వు కడతావా?" అన్నాడు. అందులో తప్పేముంది? ఆ మూడు నెలల్లో టమాటా ధర ఎగిరితే వచ్చే డబ్బు ఆయనకు ఏడాది బతుకు. సొంత భూమి ఉన్న నాలాంటివాడు "నేలకు విశ్రాంతి ఇవ్వాలి" అని వీడియోలో చెప్పడం తేలిక. కౌలుదారుకు నేల తనది కాదు, వచ్చే ఏడాది అదే చేను దొరుకుతుందో లేదో తెలియదు. ఇంకొకరి నేల బాగు చేయడానికి తన మూడు నెలలు ఎందుకు పెడతాడు?

అందుకే ఆయనకు నేను చిట్టిబంతి చెప్పలేదు. ముద్దబంతినే పూర్తి పంటగా వెయ్యమన్నా, బుడిపెలు ఎక్కువగా ఉన్న అర ఎకరంలో. రెండు అడుగులు కాకుండా అడుగు దూరంలో, సాలు దగ్గర చేసి. జూలై ఆఖర్లో నాటితే దసరాకు పూలు మొదలవుతాయి, దీపావళి దాకా కోత ఉంటుంది. పూల డబ్బులు కౌలుకు అక్కరకొస్తాయి, రెండు మూడు నెలలు నేల నిండా బంతి వేళ్ళు ఉంటాయి. దగ్గరగా నాటితే పువ్వు సైజు కొంచెం తగ్గుతుంది, చిట్టిబంతి అంత చిక్కగానూ రాదు. రెండు వైపులా కొంత వదులుకుని, రెండు వైపులా కొంత తెచ్చుకోవడం. నా తూకంలో కౌలు రైతుకు ఇదే సరైనది. పండగ ముందు ధర ఉండొచ్చు, అందరూ ఒకేసారి వేస్తే మార్కెట్లో పూలు పారబోసి వచ్చే రోజులూ చూసినాం, ఆ సంగతీ చెప్పే పంపించినా.

సొంత భూమి ఉండి, నేల బాగా చెడిపోయినవాళ్ళు, నారుమడి నడిపేవాళ్ళు, షేడ్‌నెట్‌లో ఒకే జాగాలో ఏళ్ళ తరబడి కూరగాయలు వేసేవాళ్ళు చిట్టిబంతి వైపు రండి. ముఖ్యంగా నారుమడి. నులిపురుగు పొలం నుంచి పొలానికి ఎక్కువగా పోయేది నారు వేళ్ళకు, ట్రాక్టరు టైర్లకు అంటుకున్న మట్టితోనే. నేలలో పోసే నారుమళ్ళను మార్చి మార్చి చిట్టిబంతి కింద ఉంచితే ఆ ఒక్క మడి వల్ల పది మంది చేలు బాగుపడతాయి.

నామాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో నేను గౌరవించే ఒక పెద్దాయన అంటారు: "గట్టు మీద బంతి ఉంటే నష్టం ఏముంది? తేనెటీగ వస్తుంది, దేవుడికి పువ్వు వస్తుంది, ఇంటి ఆడవాళ్ళకు నాలుగు రూపాయలు వస్తాయి. ఇన్ని లెక్కలు చెప్తే రైతు బెదిరి అదీ మానేస్తాడు." ఆయన చెప్పిన లాభాలన్నీ నిజమే. గట్టు మీద బంతి వద్దని నేను అనడం లేదు, మా గట్ల మీదా ఉంది. పువ్వు కోసం, తేనెటీగ కోసం అని చెప్పి నాటించండి. పురుగు రాదని చెప్పి నాటించొద్దు. రైతు బెదిరేది లెక్క చెప్తే కాదు, నమ్మి వేసిన పంట పోతే. పోయినసారి మా మండలంలోనే ప్రకృతి వ్యవసాయం వదిలేసి గుళికల మందుకు తిరిగిపోయినవాళ్ళలో ఇద్దరు నాతో చెప్పిన మొదటి మాట బంతి గురించే.

మిరప రైతులకు ఒక హెచ్చరిక, క్లుప్తంగా. 2021లో కొత్త తామర పురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణ మిరప పూతను ఎట్లా తినేసిందో మీకు తెలుసు. తామర పురుగులు పూలలో దాక్కుంటాయి, బంతి పువ్వు, ఏ బంతి అయినా, వాటికి మంచి ఇల్లు. వాటిని తినే మిత్ర పురుగులకూ అదే ఇల్లు. అందుకని మిరపలో బంతి వేసినవాళ్ళు వారానికి రెండుసార్లు పువ్వు తెంపి తెల్లకాగితం మీద తట్టి చూడండి. సన్నటి దారపు ముక్కల్లాంటివి పదుల్లో పరుగెత్తుతుంటే పూలు కోసి చేను బయటకు తీసుకుపోండి. ఎండాకాలంలో బంతికి నల్లి కూడా పడుతుంది, ఆకు కింద సాలెగూడు కనపడితే ఆ మొక్కలు పీకెయ్యడమే.

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు చూడండి. పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా అని ఉంటే అది ముద్దబంతి. పూసా అర్పిత, పూసా దీప్ ఫ్రెంచ్ బంతి రకాలు. హైబ్రిడ్ ముద్దబంతి నుంచి గింజ దాచి మళ్ళీ వేస్తే సగం ఒంటిరెక్కలు వచ్చి మార్కెట్లో పోవు, నేల పనికి మాత్రం ఆ ఒంటిరెక్క మొక్కలు నిక్షేపంలా పనికొస్తాయి, పారెయ్యొద్దు. నారు కొనేచోట "ఇది ఎరెక్టానా, పాట్యులానా" అని అడగండి. ఆ పేర్లు నోరు తిరక్కపోతే "పొడుగుదా, పొట్టిదా" అని అడిగినా చాలు. నారు దశలోనే కాండం ఎర్ర ఛాయను బట్టి కొంతవరకు తెలుస్తుంది, వీడియోలో ఆరో నిమిషం దగ్గర రెండు ట్రేలు పక్కన పెట్టి చూపించినా, ఫోను వెలుగు పెంచుకుని చూడండి.

ఆ కౌలు రైతు అర ఎకరానికి ముద్దబంతి నారు తీసుకుపోయినాడు. దీపావళి అయినాక ఆయన చేలో టమాటా నాటుతాం. పక్క అర ఎకరంలో బంతి లేకుండా నేరుగా టమాటానే ఉంది. సంక్రాంతి తర్వాత రెండు వైపులా పదేసి మొక్కలు ఆయన ముందే పీకి, వేళ్ళు కడిగి, వీడియోలో చూపిస్తా. ఫలితం ఎట్లా వచ్చినా కత్తిరించకుండా పెడతా.